హద్దు అవతల తెల్ల కాగితం

పోయిన నెల ఒక సర్టిఫికెట్ పనిమీద మా శ్రీకాకుళం జిల్లాలో ఒక ఆఫీసుకి వెళ్ళాను. సంతకం పెట్టాల్సినాయన భోజనానికి వెళ్ళారు. గంటన్నర బెంచీమీద కూర్చున్నాను. ఎదురు గోడకి జిల్లా మ్యాపు ఉంది. మండలానికో రంగు, రోడ్లకి ఎర్రగీతలు, ఏళ్ళకి నీలంగీతలు, ఆసుపత్రులకి కూడిక గుర్తులు. ఏమీ తోచక మా ఊరు వెతుక్కున్నాను. పాతపట్నం అంచుని ఆనుకుని ఉంది. దాని పక్కన తెల్ల కాగితం.

మహేంద్రతనయ ఆ తెల్లదనంలో ఉన్నట్టుండి పుట్టి మావైపు వస్తోంది. రైలుపట్టాలు పాతపట్నం దాకా వచ్చి అక్కడితో ఆగిపోయాయి. హద్దు అవతల ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి లేనే లేదు. మా డాబా ఎక్కితే దీపాలు కనిపించే ఊరు, కాలేజీలూ పెద్దాసుపత్రీ ఉన్న ఊరు, మా అమ్మ పెళ్ళిచీర కొన్న ఊరు గోడమీద లేదు. మా ఇంట్లో ఎవరైనా "బజారుకెళ్ళొస్తా" అన్నారంటే సగం సార్లు పక్క రాష్ట్రానికి వెళ్ళొస్తామనే.

మ్యాపు గీసినాయన్ని ఏమీ అనక్కర్లేదు. జిల్లా మ్యాపులో జిల్లాయే ఉంటుంది. కానీ దాని కింద బీరువాలో ఉన్న ప్రణాళికల కట్టలు కూడా ఆ మ్యాపు ముందు కూర్చునే రాస్తారు కదా. పాతపట్నం ఆసుపత్రికి ఎన్ని పడకలు కావాలి, ఏ రోడ్డు వెడల్పు చెయ్యాలి, డిగ్రీ కాలేజీకి ఏ గ్రూపులు ఇవ్వాలి అని లెక్కవేసే మనిషి నాలుగైదు కిలోమీటర్ల అవతల ఏముందో చూడడు. చూడాలని ఎవరూ అడగరు. పర్లాకిమిడిలో కూడా ఒక గోడా ఒక మ్యాపూ ఉంటాయి. దాంట్లో మేం తెల్ల కాగితం.

ఆ బెంచీమీద కూర్చుని మొదలుపెట్టిన ఆలోచన ఇంకా వదల్లేదు. సరిహద్దు ప్రాంతం వెనకబడిందంటే మనం సాధారణంగా రెండు కారణాలు చెప్తాం. రాజధానికి దూరం, లేదా హద్దు గొడవ తేలలేదు. రెండూ కొంతవరకే నిజమని నా అనుమానం. ఈ ప్రాంతాలకి ప్రణాళికలు వేసేవాళ్ళు రెండువైపులా హద్దుకి వీపు పెట్టి కూర్చుంటారు. మనుషులేమో హద్దువైపు ముఖం పెట్టి బతుకుతారు. హద్దు ఎక్కడన్నది తేలకపోయినా ఫరవాలేదు, రెండువైపులకీ కలిపి ఒక ప్రణాళిక వెయ్యొచ్చు, వెయ్యాలి అన్నది నా వాదన. దీంట్లో నాకే ఉన్న అనుమానాలు కూడా దాచను.

1900లో వేసిన లైను

మా ఊరి మీదుగా వెళ్ళే రైలు కథ చెప్పకుండా ముందుకి పోలేను. మద్రాసు-కలకత్తా పెద్ద లైను నౌపడా మీదుగా పోతుంది. అక్కడ ఉప్పు పండుతుంది. అక్కణ్ణుంచి పర్లాకిమిడికి తన జమీందారీలో ఒక చిన్న రైలు వేసుకోవాలని అక్కడి రాజా గౌరచంద్ర గజపతికి బుద్ధి పుట్టింది. 1900లో ఆ నేరోగేజి లైను మొదలైంది. 1931కి గుణుపూర్ దాకా సాగింది. కిందినుంచి ఉప్పూ సరుకులూ, పైనుంచి ధాన్యం, చింతపండు, అడవి సరుకు. సముద్రపు ఒడ్డునీ కొండల్నీ కలిపి ఒక ప్రాంతంగా చూసిన ఆలోచన అది. రాజావారు జనం మేలుకోరి వేశారని నేననను, లాభమే చూసుకుని ఉండొచ్చు. కానీ సరుకు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో ఆ లైను వేసినవాళ్ళకి తెలుసు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. ఆ మరుసటేడు గౌరచంద్ర కొడుకు కృష్ణచంద్ర గజపతి ఒడిశాకి మొదటి ప్రధాని అయ్యారు (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు). దశాబ్దాల తరబడి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర గిరిజనుల భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు ఊరు ఒడిశాలో కలవగానే మనసు ఒప్పక రాజమండ్రి వెళ్ళిపోయారు. తెలుగువాళ్ళం ఆ కథని మన వైపునుంచే చెప్పుకుంటాం. సవరలవైపునుంచి చెప్పుకోం. అదే 1936లో మంగై గమాంగ్ అనే ఆయన సవర భాషకి సొంత లిపి తయారుచేశారు. ఒక పక్క వాళ్ళ కొండల మీద గీత పడుతుంటే మరో పక్క వాళ్ళు అక్షరాలు గీసుకుంటున్నారు. ఇవాళ సీతంపేట వైపు సవర పిల్లలకి సవర వాచకం తెలుగు లిపిలో ఉంటుంది. గుణుపూర్ వైపు అదే సవర ఒడియా లిపిలో ఉంటుంది. ఇటు మేనత్త అటు మేనకోడలికి ఉత్తరం రాస్తే చదవలేదు, ఇద్దరూ మాట్లాడేది ఒకే భాష అయినా. రెండు ప్రభుత్వాలూ మాతృభాషలో చదువు చెప్పాలనే మంచి ఉద్దేశంతోనే చేశాయి. ఎవరికి వాళ్ళు విడిగా చేశారు, అంతే.

లైను మాత్రం తెగలేదు. బ్రాడ్‌గేజి అయ్యి మళ్ళీ నడుస్తోంది. టిక్కెట్టు కొనేవాడిని నీది ఏ రాష్ట్రమని గుమస్తా అడగడు.

రెండు కార్డుల ముసలమ్మ

హద్దు గొడవ అనగానే అందరూ ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేననే కొటియా ఊళ్ళ పేరు ఎత్తుతారు కాబట్టి అక్కడికే పోదాం. సాలూరులో టీచరుగా చేసే నా స్నేహితుడు ఒకసారి బండిమీద తీసుకెళ్ళాడు. ఘాట్ ఎక్కుతుంటే ఫోను ఒక మలుపులో ఒడిశాకి స్వాగతం అంటుంది, తర్వాతి మలుపులో ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతం అంటుంది. మావాడు నవ్వి, "దానికీ తెలీదురా" అన్నాడు.

ఒక ఇంటి అరుగుమీద ఒక పెద్దామె అల్లం శుభ్రం చేస్తోంది. మాటల్లో కార్డుల సంగతి వచ్చింది. లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఉన్నవన్నీ రెండేసి. రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. "ఏది కావాల బాబూ? ఇటుదా, అటుదా?" అంది. షాపులో రంగు అడిగినట్టు అడిగింది. ఏది నీది అమ్మా అని మావాడు అడిగితే ఆమె నవ్వి మళ్ళీ అల్లం పట్టుకుంది.

పేపర్లు చదివేవాళ్ళకి మిగతాది తెలుసు. 21 ఊళ్ళు. 1968లో వ్యవహారం సుప్రీంకోర్టుకి ఎక్కింది. 2006లో కోర్టు, ఇది మేం తేల్చేది కాదు, పార్లమెంటు చూసుకోవాలి, అంతదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచండి అంది. 2021 ఫిబ్రవరిలో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరులకి ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా ప్రభుత్వం ఇది కోర్టు ధిక్కారమంటూ మళ్ళీ కోర్టుకెళ్ళింది. ఆ నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులు, జగన్మోహనరెడ్డి, నవీన్ పట్నాయక్, భువనేశ్వర్‌లో కూర్చుని, కొటియాతోపాటు వంశధార నది మీది నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టు సంగతులూ మాట్లాడి, ఇద్దరు చీఫ్ సెక్రటరీలతో కమిటీ వేద్దామన్నారు. ఇప్పుడు ఇద్దరూ ఆ కుర్చీల్లో లేరు.

వింటే ఆ ఊళ్ళు అనాథల్లా ఉన్నాయనుకుంటాం. వెళ్ళి చూస్తే అలా అనిపించలేదు, అక్కడే నా వాదన కాస్త తడబడింది. రోడ్డుంది. కొత్త భవనాలున్నాయి. ఒక ప్రభుత్వం ఒకటి కడితే ఇంకో ప్రభుత్వం వచ్చి ఇంకోటి కడుతుంది. ఒకళ్ళు బోర్డు పెడితే ఇంకొకళ్ళు పక్కన పెద్ద బోర్డు పెడతారు. రెండువైపుల పింఛన్లు, రెండువైపుల బియ్యం. ఇదే నాయకులు, ఇదే అధికారులు మైదానంలో ఇంత పోటీగా పనిచెయ్యగా నేను చూడలేదు.

గొడవ లేని ఊరు

తిరుగు దారిలో మావాడు తనకి తెలిసిన ఇంకో కొండ ఊరి దగ్గర బండి ఆపాడు. ఏ గొడవా లేని ఊరు, పూర్తిగా ఆంధ్ర. ఒకటే కార్డు. తారు రోడ్డు నుంచి కాలిబాట. చోడి అంబలి ఇచ్చి కూర్చోబెట్టారు. మేం ఎక్కడినుంచి వస్తున్నామో చెప్తే అక్కడున్న ఒక నడివయసాయన అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. "మా ఊరు కూడా తమదేనని ఒడిశావోళ్ళు ఒకపాలి అడిగితే బాగున్ను బాబూ, రోడ్డు పడిపోను." చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. అంతకుముందు ఏడాది ఆ ఊరినుంచి ఒక బాలింతని డోలీలో మోసుకొచ్చారని కిందికి దిగాక మావాడు చెప్పాడు.

ఈ సంగతి నా వాదనకి ఎదురు తిరుగుతుంది. రెండు రాష్ట్రాలూ సామరస్యంగా కూర్చుని, హద్దు గురించి పట్టుదలలు మాని, ఉమ్మడిగా ఒక ప్రణాళిక వేశాయనుకోండి. రేపటినుంచి కొటియా కూడా ఆ రెండో ఊరిలా అయిపోదని ఏమిటి? గొడవ చల్లారితే డబ్బులూ చల్లారతాయేమో. కొన్నాళ్ళు దీనికి జవాబు దొరక్క ఈ పోస్టు రాయడం మానేశాను.

తర్వాత ఆలోచిస్తే తేడా తెలిసింది. పోటీలో వచ్చేవన్నీ ప్రారంభోత్సవం చెయ్యగలిగినవి. రోడ్డు, భవనం, బోర్డు, కార్డు, కట్ట కట్టి పంచే వస్తువు. పోటీలో రానిది, రోజూ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉండే మనిషి. నర్సు, టీచరు, లైన్‌మన్. కొటియాలో ఒక పిల్లాడితో మాట్లాడాను. ఐదు దాకా ఒడియా బడి, తర్వాత తెలుగు హాస్టలు. ఇంట్లో మాట్లాడేది కువి అనే గిరిజన భాష. ఏ తరగతి అంటే కాసేపు ఆలోచించాడు. రెండు ప్రభుత్వాలూ వాడికి పుస్తకాలిచ్చాయి, వాడు రెంటిలోనూ వెనకబడ్డాడు. వాడు బడి మానేస్తే అడగాల్సిన బాధ్యత ఏ జిల్లా విద్యాశాఖది? ఇద్దరిదీ అంటే ఎవరిదీ కాదన్న సంగతి ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇదొక్కచోటే కాదు. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం, మహారాష్ట్ర జివతి తాలూకా మధ్య పరంధోలి, అంతాపూర్ వైపు ఊళ్ళ కథ కూడా ఇలాంటిదే. రెండు ఓట్లు, రెండు బళ్ళు. అక్కడ ఇంకో చిక్కుంది. లంబాడాలు తెలంగాణలో ఎస్టీలు, మహారాష్ట్రలో కారు, అక్కడ విముక్త జాతుల జాబితాలో ఉంటారు. ఏ వైపు ఉంటే మేలని ఆ ఇంటాయన్ని అడిగితే భాషాభిమానం కన్నా ముందు కూతురి సీటు గుర్తొస్తుంది. దాన్ని స్వార్థమనేవాళ్ళు ఒకసారి తమ పిల్లల సర్టిఫికెట్ల ఫైలు తెరిచి చూసుకోవాలి.

ఫోను ఎటు మోగింది

నేను దీన్ని దూరంనుంచి చూసి రాస్తున్నాననుకోకండి. మా పిన్నిది పర్లాకిమిడి అవతల ఒక పల్లె. వాళ్ళమ్మాయి, నాకు చెల్లెలు, పురిటికి తల్లి దగ్గరికి వచ్చింది. కాన్పుకి ఇంకా వారముందనగా ఒక రాత్రి నొప్పులు మొదలయ్యాయి. ఆ సమయానికి వాళ్ళు మా ఇంటికే పెళ్ళిపిలుపుకి వచ్చి ఉన్నారు. అంబులెన్సుకి ఫోను చేశాం. మా ఇంట్లో ఒక గదిలో ఇటు టవరు తగులుతుంది, ఇంకో గదిలో అటు టవరు తగులుతుంది. ఫోను చేసిన గది అటుది. ఎత్తినామె ఒడియాలో మాట్లాడింది. పిన్ని ఒడియాలోనే ఊరు చెప్పింది. ఆ ఊరు వాళ్ళ జాబితాలో లేదు. పెట్టేసి ఇంకో గదిలోకి పరిగెత్తి మళ్ళీ చేశాం. ఈసారి తెలుగు. గర్భిణి వివరాలు, కార్డు నంబరు అడిగారు. కార్డు అటుది.

పదిహేను నిమిషాలయ్యాక మా పక్కింటి ఆటో అబ్బాయి, "మీరు ఫోన్లు మాట్లాడుకుంటా ఉండండి, నేను తీసుకెళ్తా" అని బండి తీశాడు. దగ్గర ఆసుపత్రి పాతపట్నంలోనే ఉంది. ఆ రాత్రి అక్కడ డాక్టరు లేరు. పెద్దాసుపత్రంటే పర్లాకిమిడి, ఐదు కిలోమీటర్లు లేదు. మావైపు లెక్క ప్రకారం పంపాల్సింది టెక్కలికో శ్రీకాకుళానికో. పంపే కాగితం మీద ఆ పేర్లే ఉంటాయి. ఆటో అబ్బాయికి కాగితాలతో పనిలేదు, సూటిగా పర్లాకిమిడి పోనిచ్చాడు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. అందుకే ఇంత తీరిగ్గా రాయగలుగుతున్నాను.

ఆ రాత్రి ఎవరూ తప్పు చెయ్యలేదు. ఫోనెత్తిన ఇద్దరమ్మాయిలూ మర్యాదగానే మాట్లాడారు. ఉన్న నర్సు తన చేతనైంది చేసింది. పర్లాకిమిడిలో చేర్చుకున్నవాళ్ళు కార్డు కూడా తర్వాతే అడిగారు. ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేస్తే కూడా మనిషి మధ్యలో జారిపోయే ఖాళీ ఒకటుంది. ఆ ఖాళీ నేను గోడమీద చూసిన తెల్ల కాగితమే.

ఇదంతా పాత మాట, ఇప్పుడు కార్డులు ఎక్కడైనా చెల్లుతున్నాయి కదా అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే, ఒకే దేశం ఒకే రేషన్ వచ్చాక బియ్యం విషయంలో హద్దు చాలావరకు చెరిగింది. ఒడిశా కూడా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. నేను వీటిని తక్కువ చెయ్యను. అసలు హద్దు తేలకుండానే హద్దు బాధ తగ్గించొచ్చు అనడానికి రేషన్ కార్డే మంచి సాక్ష్యం. కానీ కార్డు మనిషి జేబులో ఉండి గీత దాటుతుంది. పడకలు దాటవు, డాక్టరు పోస్టు దాటదు, రోడ్డు దాటదు. పాతపట్నంలో ఎంతమంది డాక్టర్లుండాలో నిర్ణయించేటప్పుడు పర్లాకిమిడి ఆసుపత్రిని లెక్కలోకి తీసుకుంటే ఒక రకం ప్రణాళిక వస్తుంది, తీసుకోకపోతే ఇంకో రకం వస్తుంది. ఇప్పుడు రెండు ఊళ్ళకీ అరకొరవి రెండు ఉన్నాయి.

కంపెనీకి కనిపించే ఊరు

హద్దు దాటి ఆలోచించడం మన ప్రభుత్వాలకి చేతకాదని అనలేను. సత్యవేడు, తడ పక్కన 2008లో శ్రీసిటీ మొదలైనప్పుడు ప్రణాళికలో చెన్నై రేవుంది, చెన్నై విమానాశ్రయముంది. భూమి ఆంధ్రది, ఊపిరి చెన్నైది. పెనుకొండలో కియా ఫ్యాక్టరీ పెట్టినప్పుడు బెంగళూరు ఎంత దూరమో అందరూ వేళ్ళమీద లెక్కపెట్టారు. తప్పని నేననను, ఆ ప్రాంతాల పిల్లలకి ఉద్యోగాలొచ్చాయి. కానీ కారు తయారుచేసేవాడికి గీత అవతలి నగరం కనిపించినప్పుడు, కాన్పుకెళ్ళేదానికి గీత అవతలి ఆసుపత్రి ఎందుకు కనిపించకూడదు?

దీనికి సిసలైన జవాబు ఒకటుంది, దాన్ని దాటెయ్యడం అన్యాయం. ఒక ఐఏఎస్ అధికారిగా చేసి రిటైరైన పెద్దాయన నాతో అన్నారు: "కంపెనీ కోసం అవతలి రేవుని వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదయ్యా. నా జిల్లా డబ్బు పక్క రాష్ట్రం ఆసుపత్రికి ఇస్తే ఆడిట్లో నా పెన్షన్ పోతుంది. పైగా ఉమ్మడి బోర్డు అంటావు. దానికి ఓటేసేదెవరు? నిలదీసేదెవరు?" మొదటిది కాగితం సమస్య, కాగితంతో తీరుతుంది. రెండోది గట్టి ప్రశ్న. పంచాయతీ సభ్యుణ్ణి రచ్చబండ దగ్గర పట్టుకోవచ్చు. రెండు రాజధానుల మధ్య వేలాడే బోర్డుని ఎక్కడ పట్టుకుంటాం?

అయినా ఉమ్మడి బోర్డులు మనకి కొత్తేమీ కాదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే తుంగభద్ర బోర్డు వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రాన్ని 1955నుంచి ఆంధ్ర, ఒడిశా పంచుకుంటున్నాయి. వంశధార నీళ్ళు చెరి సగమని 1962లోనే రాసుకున్నారు. జంఝావతిలో ఒడిశా భూమి ముంపు సంగతి తేలకపోతే, అంతదాకా ఆగకుండా 2006లో రబ్బరు డ్యామ్ కట్టి ఉన్నంతలో నీళ్ళు నిలబెట్టారు. నాకు ఆ రబ్బరు డ్యామ్ అంటే ముచ్చట. గొడవ తేలేదాకా గాలి నింపుకుని నిలబడుతుంది. అంటే నీళ్ళకి, కరెంటుకి హద్దు దాటి కూర్చోవడం 70 ఏళ్ళనుంచి చేతవును. బడికి, ఆసుపత్రికి, సంతకి ఒక్కసారీ కూర్చోలేదు. మాచ్‌ఖండ్ కరెంటు ఎటెంతో లెక్కలున్నాయి. ఆ కొండల్లో ఎన్ని ఇళ్ళకి అది ఎన్నేళ్ళు ఆలస్యంగా చేరిందో ఎవరూ చెరి సగం పంచుకోలేదు. ఒడిశాలో బలిమెల జలాశయం కట్టాక నీళ్ళ మధ్య చిక్కుకుపోయిన 151 ఊళ్ళకి గురుప్రియ వంతెన 2018 జులైలో అందింది. దాని శంకుస్థాపన 1982నాటిది. ఈలోగా అక్కడికి తుపాకులు వెళ్ళాయి, మావోయిస్టులవీ పోలీసులవీ, రెండు రకాలవీ.

కూర్చోవడానికి వేదిక ఏదని అడగొచ్చు. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో జోనల్ కౌన్సిళ్ళు పెట్టారు, సరిహద్దు తగాదాలు వాటి పనుల్లో ఒకటి. సరదా ఏమిటంటే ఆంధ్రప్రదేశ్ దక్షిణ మండలిలో ఉంది, ఒడిశా తూర్పు మండలిలో ఉంది, ఛత్తీస్‌గఢ్ మధ్య మండలిలో ఉంది. శబరి ఒడ్డున మూడు రాష్ట్రాలు కలిసే చోట నిలబడితే మూడు కౌన్సిళ్ళ కిందికొస్తాం, మూడూ కలిసి కూర్చునే సందర్భం మాత్రం రాదు. రెండు మండళ్ళు ఉమ్మడిగా సమావేశం కావొచ్చని అదే చట్టంలో ఉంది. వాడుకునే బుద్ధి ఉంటే దారి లేకపోలేదు.

కేంద్రానికి దేశ సరిహద్దుల మీద ఆ బుద్ధి ఉంది. 1986-87నుంచి సరిహద్దు ప్రాంత అభివృద్ధి కార్యక్రమం నడిచింది. 2023లో చైనా వైపు 19 జిల్లాల పల్లెల కోసం 4,800 కోట్లతో వైబ్రెంట్ విలేజెస్ పథకం తెచ్చారు. జనం కొండలు దిగి వెళ్ళిపోతే గీత కాపలా లేకుండా పోతుందని వాళ్ళ భయం. రాష్ట్రాల మధ్య గీతకి శత్రువు లేడు, అందుకని పథకమూ లేదు. నాకైతే అలాంటి ఇంకో పథకం కావాలని లేదు. పేరూ లోగో వచ్చాయంటే మళ్ళీ ప్రారంభోత్సవాలే.

నేను కోరేది చాలా చిన్నది. పాతపట్నం-పర్లాకిమిడికి, సాలూరు-పొట్టంగికి, అలాంటి ప్రతి జంటకీ ఒక మ్యాపు. రెండువైపులా రంగున్న మ్యాపు. జనం ఏ సంతకి వెళ్తారు, ఏ ఆసుపత్రికి వెళ్తారు, చింతపండు ఏ షావుకారికి అమ్ముతారు, పిల్లలు ఏ భాష బడిలో ఎందుకు మానేస్తారు అన్నవి దాంట్లో ఉండాలి. ఏడాదికి రెండుసార్లు ఇద్దరు కలెక్టర్లు ఆ మ్యాపు ముందు కూర్చోవాలి, ఒకసారి ఇటు, ఒకసారి అటు, రెండువైపుల సర్పంచులూ ఎదురుగా ఉండగా. నిలదీసేదెవరన్న పెద్దాయన ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఆ సర్పంచులే. పూర్తి జవాబు కాదని తెలుసు. హద్దు ఎక్కడో ఆ సమావేశంలో మాట్లాడకూడదన్న ఒక్క షరతు పెట్టుకుంటే చాలు. కోర్టు ఉన్నది ఉన్నట్టు ఉంచమంది గీతని. పురుళ్ళనీ చదువుల్నీ ఉన్నది ఉన్నట్టు ఉంచమని అనలేదు.

భద్రాచలం వాళ్ళు ఇది చదివితే నవ్వుతారేమో. 2014లో చుట్టుపక్కల ఊళ్ళు ఆంధ్రలో కలిశాక ఆ పట్నానికి చెత్త పారబోసుకునే చోటు కూడా కరువైంది. రాములవారి భూములు పురుషోత్తపట్నంలో, అంటే పక్క రాష్ట్రంలో. రెండువైపులా మాట్లాడేది తెలుగే, రెండువైపులా మొన్నటిదాకా ఒకే సర్కారు. అక్కడే కలిసి కూర్చోవడం ఇంత కష్టమైతే ఒడిశాతో ఎలా అంటారు. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు ఆఫీసులో సంతకం పెట్టాల్సినాయన మూడింటికి వచ్చారు. నేను వెళ్ళింది మా చెల్లెలి కూతురి సర్టిఫికెట్ కోసమే. తండ్రిది పాతపట్నం దగ్గర ఊరు, పిల్ల పుట్టింది పర్లాకిమిడిలో, జనన ధ్రువపత్రం ఒడియాలో ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీన్ని తెలుగులోకి తర్జుమా చేయించి, నోటరీ పెట్టించి పట్రండి" అన్నారు. తర్జుమా చేసేవాళ్ళు ఎక్కడుంటారండీ అని అడిగాను. ఆయన కిటికీలోంచి చెయ్యి చూపించారు.

"పర్లాకిమిడిలో ఉంటారు, దగ్గరే."